క్యాంపస్ పత్రికే దేశానికి దిక్కైనప్పుడు

2000 మే 19న ఫిజీ రాజధాని సువాలో జార్జ్ స్పైట్ అనే వ్యాపారి సాయుధులను వెంటబెట్టుకుని పార్లమెంటులో చొరబడ్డాడు. ప్రధాని మహేంద్ర చౌదరినీ ఆయన సహచరులనూ బందీలుగా పట్టుకున్నాడు. ఆ నిర్బంధం 56 రోజులు సాగింది. పార్లమెంటుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ (యూఎస్‌పీ)లో జర్నలిజం విద్యార్థులు అప్పటికే 'పసిఫిక్ జర్నలిజం ఆన్‌లైన్' అనే వెబ్‌సైట్ నడుపుతున్నారు. తిరుగుబాటు మొదలవగానే వార్తలు సేకరించి అందులో పెట్టసాగారు. మే 28 రాత్రి ఒక మూక ఫిజీ టెలివిజన్ కార్యాలయం మీద పడి విధ్వంసం సృష్టించింది. మర్నాడే విశ్వవిద్యాలయం విద్యార్థుల వెబ్‌సైట్‌ను మూసేసింది. క్యాంపస్ భద్రత గురించిన భయమే దానికి కారణం. విద్యార్థులు మాత్రం ఆగలేదు. సిడ్నీలోని యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ తన వెబ్‌సైట్‌లో చోటివ్వడంతో వాళ్ల కథనాలు అక్కడి నుంచి వెలువడ్డాయి. వాళ్ల అచ్చు పత్రిక 'వాన్‌సోల్‌వారా' తిరుగుబాటు మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. జర్నలిజం విద్యార్థులకు ఆస్ట్రేలియా కేంద్రంగా ఇచ్చే ఓసీ అవార్డుల్లో ఆ ఏడాది ఈ బృందానికి గౌరవం దక్కింది.

చిన్న ద్వీప దేశాల్లో జర్నలిజం చదువు గురించి తేల్చుకోవాల్సిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క ఘటనలోనే ఉన్నాయి. విద్యార్థి పత్రిక మార్కుల కోసం చేసే అభ్యాసమా, జనం నమ్మి చదివే పత్రికా? దాని మంచిచెడ్డలకు ఎవరు బాధ్యులు? ప్రమాదం వస్తే విశ్వవిద్యాలయం విద్యార్థులను కాపాడాలా, వాళ్లు రాసినదాన్ని కాపాడాలా? రెండూ కాపాడే దారి ఉందా? పసిఫిక్ దీవుల ఐదు దశాబ్దాల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పత్రికలు కొద్దిగా, అధికారం దగ్గరగా ఉన్న సమాజంలో విద్యార్థి పత్రిక ఎప్పుడో ఒకప్పుడు దేశం బరువు మోయాల్సి వస్తుంది. ఆ రోజు వచ్చాక చూసుకుందామంటే కుదరదు. దానికి కావాల్సిన స్వేచ్ఛ, డబ్బు, రక్షణ ముందే సమకూర్చి ఉంచాలి.

చిన్న దేశంలో విలేకరి

ట్యువాలు జనాభా సుమారు 11 వేలు. నౌరుది దాదాపు 12 వేలు. న్యూజిలాండ్‌తో అనుబంధంలో స్వపరిపాలన సాగిస్తున్న నియూలో రెండు వేల మంది కూడా లేరు. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీకి ఉండే జనంతో అక్కడ ప్రభుత్వం, పార్లమెంటు, కోర్టు, విదేశాంగ విధానం అన్నీ నడుస్తాయి. అలాంటి చోట విలేకరికి ముక్కూమొహం తెలియని అధికారి ఉండడు. మంత్రి తనకు మేనమామ కావచ్చు, చర్చిలో పెద్ద కావచ్చు, చిన్నప్పుడు పాఠం చెప్పిన మాస్టారు కావచ్చు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదన్న సంప్రదాయం బలంగా ఉన్న సమాజాల్లో ఇరవై ఏళ్ల అమ్మాయి మైకు పట్టుకుని 'ఆ డబ్బు ఏమైంది?' అని అడగాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. అలా అడగడం అమర్యాద కాదనీ, పౌరుల తరఫున చేయాల్సిన పనేననీ ఆమెకు ఎవరో నేర్పి ఉండాలి. జర్నలిజం చదువు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

డబ్బు సంగతి మరో చిక్కు. దినపత్రికను పోషించేంత వ్యాపార ప్రకటనలు చాలా దీవుల్లో లేవు. ఉన్న ప్రకటనల్లో పెద్ద వాటా ప్రభుత్వానిదే. అందుకే కొన్ని దేశాల్లో ప్రభుత్వ రేడియోనే ప్రధాన వార్తా సాధనం. బయటి నుంచి వచ్చి రాసేవాళ్లకూ తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోవు. 2014లో నౌరు ప్రభుత్వం విదేశీ విలేకరుల వీసా రుసుమును 200 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి ఏకంగా 8,000 డాలర్లకు పెంచింది. లోపలి పత్రిక బలహీనంగా ఉండి, బయటి పత్రికకు ప్రవేశం లేనప్పుడు ప్రభుత్వాన్ని ప్రశ్నించే గొంతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగులుతాయి.

విత్తనాలు ఎక్కడ పడ్డాయి

యూఎస్‌పీ 1968లో సువాలోని లౌథాలా తీరంలో, ఒకప్పుడు న్యూజిలాండ్ వైమానిక దళం నీటి విమానాలు నిలిపిన స్థావరంలో మొదలైంది. ఫిజీ, సమోవా, టోంగా, వనువాటు, సాలమన్ దీవులు, కిరిబాటి, ట్యువాలు, నౌరు, మార్షల్ దీవులు, కుక్ దీవులు, నియూ, టోకెలావ్ అనే 12 దేశాలు, ప్రాంతాలు దీనికి ఉమ్మడి యజమానులు. ఛాన్సలర్ పదవి ఈ దేశాల నేతల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. 3.3 కోట్ల చదరపు కిలోమీటర్ల సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న దీవుల పిల్లలు ఇక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు.

ఇక్కడ జర్నలిజం బోధన 1980ల చివర్లో సర్టిఫికెట్ కోర్సుగా మొదలైంది. 1994లో ఫ్రెంచి ప్రభుత్వ సాయంతో డిగ్రీ కోర్సు వచ్చింది. 1996లో విద్యార్థులు 'వాన్‌సోల్‌వారా' స్థాపించారు. 'ఒకే సముద్రం' అని అర్థం వచ్చే ఆ పేరు మెలనీషియా పిజిన్ నుంచి తీసుకున్నది. వార్త రాయడం, ఫొటో తీయడం, పేజీ పెట్టడం అన్నీ విద్యార్థుల పనులే. తర్వాతి కాలంలో అది 'ఫిజీ సన్' దినపత్రికతో పాటు అనుబంధంగా కూడా పాఠకుల ఇళ్లకు చేరింది. తరగతి గదిలో పుట్టిన పత్రిక నేరుగా దేశ ప్రజల చేతికి వెళ్లడం విద్యార్థులకు గొప్ప పాఠం. తప్పు రాస్తే మార్కులు తగ్గడం ఒక రకమైన శిక్ష. మర్నాడు బజార్లో ఒకరు నిలదీసి అడగడం ఇంకో రకం. విలేకరిని తీర్చిదిద్దేది ఈ రెండోదే.

దీనికంటే ముందే, 1970లలో, పాపువా న్యూగినీ విశ్వవిద్యాలయంలో న్యూజిలాండ్ సాయంతో జర్నలిజం బోధన మొదలైంది. ఆ దేశం విస్తీర్ణంలోనూ జనాభాలోనూ చిన్నదేం కాదు. 800 పైచిలుకు భాషలున్న నేల. అయినా పసిఫిక్ జర్నలిజం చదువుకు పునాది అక్కడే పడింది. ఆ విద్యార్థుల పత్రిక 'యూని తవూర్' 1990లలో గట్టి పేరు తెచ్చుకుంది. 1997లో ప్రధాని జూలియస్ చాన్ ప్రభుత్వం బూగన్‌విల్ దీవిలో సాగుతున్న వేర్పాటు యుద్ధం కోసం శాండ్‌లైన్ అనే కిరాయి సైనికుల సంస్థతో 3.6 కోట్ల అమెరికన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ ఎదురు తిరగడంతో దేశం అట్టుడికింది. చాన్ పదవి నుంచి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంక్షోభాన్ని విద్యార్థి విలేకరులు క్షేత్రంలో నిలబడి రాశారు. 1994లో అదే విభాగం అధ్యాపకుడు డేవిడ్ రోబీ 'పసిఫిక్ జర్నలిజం రివ్యూ' అనే పరిశోధన పత్రిక ప్రారంభించారు. తర్వాత ఆయన యూఎస్‌పీ జర్నలిజం విభాగానికి అధిపతిగా వచ్చారు. 2000 నాటి కథనాల వెనక ఉన్న గురువు ఆయనే. ఈ రెండు విశ్వవిద్యాలయాల అనుభవాన్ని ఆయన 2004లో 'మేకిమ్ నియూస్' అనే పుస్తకంగా తెచ్చారు.

విత్తనం ఒకచోట మొలిచి మరోచోట చెట్టయిందని సంతోషించవచ్చు. కానీ ఒక అధ్యాపకుడు వెళ్లిపోతే, ఒక దేశం సాయం ఆపేస్తే విభాగం నీరసించిపోవడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. సంస్థ మీద కంటే వ్యక్తుల మీద, సొంత బడ్జెట్ మీద కంటే విరాళాల మీద ఆధారపడిన చదువుకు ఈ గతి తప్పదు.

సెన్సారు నీడలో పాఠాలు

ఫిజీలో 1987లోనే రెండు సైనిక తిరుగుబాట్లు జరిగాయి. వాటికి సారథి సితివెని రంబూకా. 2006 డిసెంబరులో ఫ్రాంక్ బైనిమరామా మరో తిరుగుబాటు చేశాడు. 2009 ఏప్రిల్ 10న రాజ్యాంగాన్ని రద్దు చేసి, అత్యవసర నిబంధనలు తెచ్చి, పత్రికా కార్యాలయాల్లో సెన్సారు అధికారులను కూర్చోబెట్టారు. 1869లో లెవుకా పట్టణంలో పుట్టిన 'ఫిజీ టైమ్స్', సెన్సారు కొట్టేసిన వార్తల చోటును ఖాళీగా వదిలి అచ్చువేసింది. 2010లో వచ్చిన మీడియా డిక్రీ నిబంధనలు మీరిన సంస్థలకు లక్ష ఫిజీ డాలర్ల వరకు జరిమానా పెట్టింది. పత్రికల్లో విదేశీ వాటా పది శాతం దాటకూడదంది. దాంతో 'ఫిజీ టైమ్స్' న్యూస్ కార్పొరేషన్ చేతుల్లోంచి స్థానిక మోతీభాయ్ సంస్థకు మారింది. ఆ చట్టం 2023 ఏప్రిల్‌లో రద్దయింది. రద్దు చేసింది ఎన్నికల తర్వాత ప్రధాని అయిన అదే రంబూకా ప్రభుత్వం. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సూచీలో 2022లో 102వ స్థానంలో ఉన్న ఫిజీ 2024 నాటికి 44కు చేరింది.

ఈ పదమూడేళ్లలో జర్నలిజం చదివిన పిల్లల పరిస్థితి ఆలోచించాలి. అధికారాన్ని ప్రశ్నించాలని తరగతిలో విన్నారు. ఉద్యోగంలో చేరాక ఏ వాక్యం రాస్తే జరిమానా పడుతుందోనని లెక్కలు వేసుకున్నారు. భయం ఒక తరానికి అలవాటైతే చట్టం పోయినంత మాత్రాన అలవాటు పోదు. సీనియర్లు తమకు తెలియకుండానే ఆ జంకును జూనియర్లకు అప్పగిస్తారు. కాబట్టి డిక్రీ రద్దుతో విశ్వవిద్యాలయం పని తగ్గలేదు, పెరిగింది. ప్రశ్నించడం మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సిన బాధ్యత దాని మీద పడింది.

యజమాని మీదే వార్త రాయాల్సి వస్తే

ప్రభుత్వాన్ని విమర్శించడం కష్టమే. ఫీజు కట్టించుకుని, డిగ్రీ ఇచ్చి, పత్రికకు కాగితం కొనిపెట్టే విశ్వవిద్యాలయాన్ని విమర్శించడం ఇంకా కష్టం. యూఎస్‌పీకి ఆ పరీక్ష కూడా ఎదురైంది. వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన పాల్ ఆహ్లువాలియా గత పాలనలోని నియామకాలు, చెల్లింపుల మీద ప్రశ్నలు లేవనెత్తారు. 2020 జూన్‌లో ఆయనను సస్పెండ్ చేస్తే విద్యార్థులు, ఉద్యోగులు నిరసనకు దిగారు. 2021 ఫిబ్రవరిలో ఫిజీ ప్రభుత్వం ఆయనను, ఆయన భార్యను దేశం నుంచి పంపించేసింది. విశ్వవిద్యాలయానికి ఇవ్వాల్సిన గ్రాంటునూ నిలిపేసింది. ఆయన నౌరు నుంచి, తర్వాత సమోవా నుంచి పదవి నిర్వహించారు. ప్రభుత్వం మారాకే గ్రాంటు మళ్లీ వచ్చింది.

ఇది 12 దేశాల పన్నుల డబ్బుకు సంబంధించిన వ్యవహారం, వేలాది విద్యార్థుల భవిష్యత్తు. ఇలాంటి కథ క్యాంపస్ పత్రికకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కానీ రాసేవాళ్లకు ఆ కథలోని పెద్దలే పరీక్షలు పెట్టేవాళ్లు, తమ గురువులకు జీతాలు ఇచ్చేవాళ్లు. ఈ ఇరకాటాన్ని విద్యార్థుల గుండె ధైర్యానికి వదిలేయడం అన్యాయం. సంపాదకుణ్ని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు, ఏ కారణం మీద సంచిక ఆపవచ్చు, ఆపితే ఎవరికి జవాబు చెప్పాలి అన్న నియమాలు ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే గొడవ వచ్చిన రోజున బలవంతుడి మాటే నియమమవుతుంది.

చదువుకున్నవాళ్లు ఎటు పోతున్నారు

జర్నలిజానికి డిగ్రీ అవసరమా, పనిలో నేర్చుకుంటే చాలదా అన్న వాదన పసిఫిక్‌లోనూ పాతదే. తెలుగు నేల మీద పెద్ద పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు నడిపి వందల మందిని తయారు చేసుకున్నాయి. ఉస్మానియాలో 1954 నుంచే విశ్వవిద్యాలయ బోధన ఉన్నా, ఆ స్కూళ్లు మరో దారి వేశాయి. కోట్ల మంది పాఠకులున్న భాషలో అది సాధ్యం. పదిమందితో నడిచే దీవి పత్రికకు శిక్షణ కోసం ఒక సీనియర్‌ను కేటాయించే వీలుండదు. ఆ లోటు తీర్చగలిగింది విశ్వవిద్యాలయమే.

అయితే నేర్చుకున్నవాళ్లు నిలవడం లేదు. తక్కువ జీతాలు, ఎక్కువ ఒత్తిడి వల్ల కొన్నేళ్ల అనుభవం రాగానే చాలామంది ప్రభుత్వ ప్రచార విభాగాలకు, అంతర్జాతీయ సంస్థలకు, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు వెళ్లిపోతున్నారు. దాంతో పత్రికల్లో ఎప్పుడూ కొత్తవాళ్లే ఉంటారు; పదేళ్ల కిందటి ఒప్పందం ఏమైందో గుర్తుండి అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఫిజీలో తిరుగుబాట్ల తర్వాత సాగిన భారత సంతతి వలసలు ఈ లోటును మరింత పెంచాయి. యూఎస్‌పీ జర్నలిజం విభాగాన్ని దీర్ఘకాలం నడిపిన శైలేంద్ర సింగ్ విలేకరుల అనుభవ లేమి, జీతాలు, వలసల మీద ఏళ్ల తరబడి పరిశోధించి రాశారు. ఆయన స్వయంగా ఫిజీలో పత్రికా రంగం నుంచి బోధనలోకి వచ్చినవారు. అలాంటి స్థానిక అధ్యాపకులు పెరిగితేనే ఈ చదువు స్థిరపడుతుంది. బయటి నుంచి రెండేళ్ల ఒప్పందం మీద వచ్చేవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా, వాళ్లు ఊరు వదిలిన రోజున పని ఆగిపోతుంది.

సాయం సంగతీ అంతే. ఫ్రాన్స్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ఇచ్చిన సొమ్ము లేకుంటే ఈ కోర్సులు పుట్టేవే కావు. ఆ రుణం కాదనలేనిది. ఇప్పుడు పసిఫిక్ మీద చైనాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య పోటీ పెరిగాక, విలేకరులకు శిక్షణ, యాత్రలు, పరికరాలు ఇస్తామనేవాళ్లూ పెరిగారు. ఎవరి సాయమైనా తీసుకోవచ్చు, కానీ పాఠ్యాంశాలు నిర్ణయించే హక్కు దాతకు ఉండకూడదు. సాయం వివరాలు పాఠకులకు తెలియాలి.

ఇక భాష. తరగతి ఇంగ్లీషులో, విద్యార్థి పత్రిక ఇంగ్లీషులో. ఊళ్లలో జనం వినేది ఐతౌకేయి (ఫిజీ మూలవాసుల భాష), ఫిజీ హిందీ, సమోవన్, టోంగన్, బిస్లామా. ఫిజీతో తెలుగువాళ్లకు నేరుగా సంబంధం ఉంది. 1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులను చెరకు తోటల్లో పనికి ఫిజీకి తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు విశాఖ, నెల్లూరు వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. 1926లో నాంది పట్టణంలో సాధు కుప్పుస్వామి స్థాపించిన సంగం అనే సంస్థ బడులు పెట్టి వాళ్ల పిల్లలకు చదువు చెప్పింది. ఆ సంతతివాళ్లు ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీ. 1935 నుంచి వస్తున్న 'శాంతిదూత్' వంటి హిందీ వారపత్రిక, ఐతౌకేయి భాషలోని 'నాయ్ లలకాయ్' చెప్పేదేమిటంటే, స్థానిక భాషల పత్రికకు అక్కడ లోతైన వేళ్లున్నాయి. జర్నలిజం విద్యార్థికి తన భాషలో వార్త రాసే శిక్షణ కూడా ఉంటేనే ఆ వేళ్లకు నీరందుతుంది.

ఇతర సముద్రాల్లో

కరీబియన్ దీవులు ఈ సమస్యకు కొంత మెరుగైన జవాబు కనిపెట్టాయి. 1948లో జమైకాలో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ద వెస్టిండీస్ కూడా అనేక దీవుల ఉమ్మడి విశ్వవిద్యాలయమే. అక్కడి మోనా క్యాంపస్‌లో 1974లో 'కారిమాక్' అనే మీడియా బోధన సంస్థ ఏర్పడింది. ఒక విభాగంలో ఒక కోర్సుగా కాకుండా తనదైన గుర్తింపుతో, ప్రాంతమంతటికీ సిబ్బందిని అందించే సంస్థగా ఎదగడం దాని బలం. అధ్యాపకులు మారినా సంస్థ నిలిచింది. మారిషస్ పరిస్థితి వేరు. అక్కడ 1908 నుంచి 'లె మొరీసియాఁ', 1963 నుంచి 'లెక్స్‌ప్రెస్' వంటి బలమైన ఫ్రెంచి దినపత్రికలున్నాయి. దేశం చిన్నదైనా పత్రికా సంప్రదాయం పాతది కాబట్టి భారమంతా విద్యార్థుల మీద పడదు. ఈ రెంటినీ పసిఫిక్ పక్కన పెడితే తేలేది ఇది: దీవి చిన్నది కావడం ఒక్కటే బలహీనతకు కారణం కాదు. ఉమ్మడి సంస్థకు స్థిరత్వం ఇచ్చినచోట, పత్రికకు పాఠకుల అండ ఉన్నచోట చిన్న దేశమూ నిలదొక్కుకుంటుంది.

విద్యార్థుల శక్తిని తక్కువ అంచనా వేయకూడదనడానికి పసిఫిక్‌లోనే గొప్ప ఉదాహరణ ఉంది. 2019లో వనువాటు రాజధాని పోర్ట్ విలాలోని యూఎస్‌పీ క్యాంపస్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులు, వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలని ఉద్యమించారు. వనువాటు ప్రభుత్వం ఆ ఆలోచనను భుజానికెత్తుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానించింది. 2025 జులైలో హేగ్ న్యాయస్థానం తన సలహా అభిప్రాయం ప్రకటించింది. తరగతిలో పుట్టిన ఆలోచన ప్రపంచ న్యాయస్థానం దాకా వెళ్లింది. అదే విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివేవాళ్లు తమ దీవుల తీరాలు కోతకు గురవడాన్ని, ఊళ్లు తరలిపోవడాన్ని ఇతరులకంటే దగ్గరగా చూస్తున్నారు. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రగర్భ కేబుల్ తెగి టోంగా వారాల పాటు ప్రపంచానికి దూరమైంది. బయటి విలేకరి చేరలేని అలాంటి సమయంలో అక్కడే ఉన్న, శిక్షణ పొందిన మనిషి విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఏం చేయాలి

2024 జులైలో సువాలో యూఎస్‌పీ భాగస్వామ్యంతో పసిఫిక్ మీడియా సదస్సు జరిగింది. మాట్లాడుకునే వాతావరణం తిరిగి వచ్చింది. మాటలు ఏర్పాట్లుగా మారాలంటే నాలుగు పనులు జరగాలి. మొదటిది, విద్యార్థి పత్రికకు విశ్వవిద్యాలయ పాలకమండలి ఆమోదించిన లిఖిత నియమావళి. సంపాదకత్వం ప్రచార విభాగం కిందకు రాకూడదు. పరువునష్టం కేసు వస్తే న్యాయసాయం విశ్వవిద్యాలయమే ఇవ్వాలి. రెండోది, ఏ అధికారీ కోపంతో కోయలేని ప్రత్యేక నిధి; అచ్చుకూ వెబ్‌సైట్‌కూ క్షేత్ర ప్రయాణాలకూ అది సరిపోవాలి. మూడోది, స్థానిక అధ్యాపకులకు శాశ్వత ఉద్యోగాలు, స్థానిక భాషల్లో వార్తా రచన. నాలుగోది, పాత సంచికలను భద్రపరచడం. దినపత్రికలు కొన్నే ఉన్న దేశాల చరిత్రకారుడికి విద్యార్థి పత్రికల పాత ప్రతులు విలువైన ఆధారాలు. ఆన్‌లైన్‌లో పెట్టిన కథనం సర్వరు మారితే మాయమవుతుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని గ్రంథాలయాలు వాటి బాధ్యత తీసుకోవాలి.

భద్రత పేరు చెప్పి పత్రికను మూసేయడం ఏ పాలకుడికైనా తోచే మొదటి ఆలోచన. పిల్లల ప్రాణాల మీద బెంగ నిజమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. కానీ ఆ బెంగకు సరైన జవాబు ముందస్తు శిక్షణ, అనుభవం ఉన్న పర్యవేక్షకుడు, పేరు బయటపెట్టకుండా ప్రచురించే ఏర్పాటు, సురక్షిత వసతి. పత్రిక మూసేస్తే ఇవేవీ సమకూరవు. విద్యార్థులకు మాత్రం ప్రమాదం వస్తే నోరు మూసుకోవాలన్న పాఠం అందుతుంది. ఆ పాఠంతో బయటికి వెళ్లిన విలేకరి జీవితాంతం దాన్నే పాటిస్తాడు.

పసిఫిక్ విద్యార్థులు తమ వంతు పని చేసి చూపించారు. పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలోనూ సువాలోనూ వాళ్లు రాసినవే అందుకు సాక్ష్యం. ఇక తేల్చుకోవాల్సింది వాళ్ల విశ్వవిద్యాలయాలు, వాటిని నడిపే ప్రభుత్వాలు. పత్రికా స్వేచ్ఛ మీద పాఠం చెబుతూ, ఆ పాఠాన్ని నిజమని నమ్మి ఆచరించిన విద్యార్థులను ఒంటరిగా వదిలేసే సంస్థకు ఆ పాఠం చెప్పే అర్హత ఉండదు. సొంత క్యాంపస్‌లో పుట్టిన పత్రికకు అండగా నిలిచే విశ్వవిద్యాలయం మాత్రమే దేశానికి విలేకరులను ఇవ్వగలదు.